ఆరు కిలోమీటర్ల దొంగ

“ప్రదీపూ, ఈ కమలాపురంలో మెదడనేది ఇద్దరికే ఉండాది. అందులో నేనొకణ్ణి. రెండోవాడెవడో పదేండ్లుగా పరిశోధిస్తాండా. ఇంకా దొరకలే.”

ఈ మాట అన్నది నాగసుబ్బయ్య. అన్నది నాతో. అంటే ఆ రెండోవాడు నేను కాదని నా మొగం మీదనే తేల్చేసినాడన్న మాట. రోషమున్నవాడెవడైనా లేచి పోవాల. నేను మాత్రం “నిజమేలే నాగన్నా” అని ఇంకో టీ తెప్పించినాను. ఈ కథలో నా తెలివి ఎంత మాత్రమో మీకు ఇక్కడికే అర్థమై ఉంటాది.

నాది పశువుల దాణా అంగడి. ఎదురుగా నాగసుబ్బయ్యది జిరాక్స్ అంగడి. బోర్డు మీద ‘జిరాక్స్, లామినేషన్, నేర పరిశోధన’ అని వరసగా రాయించినాడు. మొదటి రెండింటికీ జనం వస్తారు. మూడోదానికి ఆయనే జనం దగ్గరికి పోతాడు. ఆ మధ్య ఒకామె కోడి తప్పిపోతే నాలుగు వీధుల్లో పదిహేడు మందిని విచారించి, పదిహేడు మందితోనూ తిట్లు తిన్నాడు. మూడు వారాలకు ఆ కోడే గడ్డివాములో నుంచి పదకొండు పిల్లల్ని వెంటేసుకొని ఇంటికొచ్చింది. దాన్ని ఆయన ‘పన్నెండు ప్రాణాలు కాపాడిన కేసు’ అంటాడు.

ఇంక నా పికప్ సంగతి. నాలుగు టైర్లూ అరిగి గుండు కొట్టించినట్టు నున్నగా అయినాయి. టైర్లు మార్చను కడపకు నేనే బండి తోలుకొని పోయినాను. మా డ్రైవర్ దాసన్నకు ఆరోజు జరం. నా పక్కన నాగసుబ్బయ్య కూర్చున్నాడు, పిలవకుండానే.

టైర్ల అంగడి మాబుసాబ్ అడిగినాడు. “పాత సైజే కదా సేటూ? రెండువందల పదిహేను?”

“ఎందుకడుగుతాండావు?” అన్నాను. “రైతుల చేన్లకాడికి పోయే దారిలో అన్నీ గుండ్లే, తలకాయంత రాళ్లు. బండి కడుపుకు తగుల్తాండాయి. కొంచెం ఎత్తు టైరు ఉంటే చెప్పు.”

“రెండువందల ముప్పై అయిదు ఉండాది. రిమ్ము అదే సరిపోతాది. బండి ఒక వేలు మందం లేస్తాది. కానీ సేటూ, సైజు మారిస్తే మూడు సంగతులు…”

నాగసుబ్బయ్య చెయ్యెత్తినాడు. “మాబుసాబ్, రెండిట్లో ఏది పెద్దది?”

“ముప్పై అయిదే.”

“పెద్దది ఎప్పుడన్నా చిన్నదానికంటే తక్కువయిందా? చరిత్రలో యాడన్నా ఉండాదా?”

“లేదు గానీ…”

“బిగించు.”

మాబుసాబ్ నా వైపు చూసినాడు. నేను నాగసుబ్బయ్య వైపు చూసినాను. డబ్బు నాది, బండి నాది, తల ఊపింది మాత్రం ఆయన. నాలుగు కొత్త టైర్లు ఎక్కినాయి. స్టెప్నీ పాతదే ఉండిపోయింది. ఆ మూడు సంగతులు ఏంటివో అడగాలన్న ఆలోచన నాకు రాలేదు. ఆలోచనలు నాకు ఆలస్యంగా వస్తాయి, అదీ అడ్రసు కనుక్కొని.

జరం తగ్గినాక దాసన్న పనిలోకి వచ్చినాడు. ప్రతి బుధవారం రాయచోటికి దాణా మూటలు వేసుకొని పోయి, ఖాళీ గోతాలతో తిరిగొస్తాడు. పోనురాను నూట యాభై కిలోమీటర్లు. బండి నిలపగానే మీటరు చూడటం నాకు అలవాటు. పద్దెనిమిదేండ్లుగా నూట యాభయ్యే. ఆ బుధవారం చూస్తే నూట నలభై నాలుగు.

“దాసన్నా, దారి మార్చినావా?”

“ఉండేదే ఒక దారి సామీ. గువ్వలచెరువు ఘాట్ ఎక్కాల, దిగాల.”

తరువాతి బుధవారం కూడా నూట నలభై నాలుగే.

నాకు ఆ రోజు అన్నం సహించలే. కడపకూ రాయచోటికీ మధ్య కొండ జరిగిందా? భూమి ముడుచుకుపోతాండాదా? ఈ సంగతి పోయి పోయి నాగసుబ్బయ్యకు చెప్పినాను.

ఆయన లామినేషన్ మిషను ఆపేసినాడు. భూతద్దం తీసి, అవసరం లేకపోయినా నా మొగం మీద పెట్టి చూసినాడు.

“ఆరు కిలోమీటర్లు మాయం,” అన్నాడు నెమ్మదిగా. “ప్రదీపూ, నువ్వు చీకటి సామ్రాజ్యం గుమ్మం ముందర నిలబడి ఉండావు. ఇంకేమన్నా తేడా కనిపించిందా?”

“ఘాట్‌లో బండి ముందు మాదిరి లాగడం లేదంటాండాడు దాసన్న.”

“బరువు! ఇంకా?”

“మలుపు తిప్పినప్పుడు లోపల కర్‌కర్‌మని సద్దు వస్తాండాదంట.”

“దుంగలు! ఒకదానికొకటి రాసుకుంటాండాయి!” ఆయన గొంతు తగ్గించినాడు. రోడ్డు అవతల పండ్లబండి వానికి కూడా వినబడింది. “ఎర్రచందనం. ఘాట్ కింద రహస్య సొరంగం ఉండాది. దాంట్లో దూరి దుంగలు వేసుకొని అవతల తేల్తాండాడు. సొరంగం అడ్డదారి గదా, అందుకే ఆరు కిలోమీటర్లు తక్కువ.”

ఇది విని మామూలు మనిషైతే నవ్వుతాడు. నాకు చెమటలు పట్టినాయి. పద్దెనిమిదేండ్లుగా ఒక్క మూట తేడా రానివ్వని మనిషి ఒకపక్క, మీటరు మీద ఆరు అంకె ఒకపక్క. నేను అంకెను నమ్మినాను.

అంతటితో ఆగి ఉంటే బాగుండు. నాగసుబ్బయ్య పోయి అంగట్లో నలుగురు రైతుల ముందర దాసన్నను విచారించినాడు. “నిజం చెప్పు దాసన్నా. సొరంగం తలుపు యాడ ఉండాది? సంకేత పదం ఏంది?”

దాసన్న ఆయన్ని చూడలే. నన్ను చూసినాడు. నేను దాణా మూట మీద రాసిన అక్షరాలు చదవడం మొదలుపెట్టినాను.

“నువ్వు కూడా అట్లే అనుకుంటాండావా సామీ?”

“అట్ల కాదు దాసన్నా… మీటరు…”

“సరే. వచ్చే బుధవారం లోడు రాయచోటిలో దించి, బండి తెచ్చి నిలిపి తాళం ఇచ్చేస్తా. వేరే మనిషిని చూసుకోండి.” గొంతు పెంచలే. తువ్వాలు దులిపి భుజాన వేసుకొని పోయినాడు.

ఇంట్లో నా భార్య శ్రీవాణి ఆ రోజు కంచం కొంచెం గట్టిగా పెట్టింది. “మన పెండ్లి నాటి నుంచి ఉన్న మనిషి. నాకు నొప్పులొచ్చినప్పుడు ఆసుపత్రికి తోలింది ఆయన. మీరు ఆ పొద్దు ఏం చేసినారో గుర్తుండాదా?”

“కళ్లు తిరిగి పడిపోయినాను.”

“ఆయన ఇద్దర్నీ తోలినాడు,” అనింది.

అయినా బుధవారం నేను నాగసుబ్బయ్యతోనే పోయినాను. పథకం ఏమంటే, మేము ముందుగా బస్సులో రాయచోటి చేరాల. దాసన్న లోడు దించి అన్నానికి పోయినప్పుడు బండి వెనక గోతాల కింద దాక్కోవాల. వచ్చేటప్పుడు సొరంగంలో రెడ్‌హ్యాండెడ్‌గా పట్టుకోవాల. “మఫ్టీలో రా” అని చెప్పినాడు నాగసుబ్బయ్య. ఆయన మెడకూ తలకూ మఫ్లర్ చుట్టుకొని వచ్చినాడు. ఏప్రిల్ నెల. కడప ఎండ.

“నాగన్నా, మఫ్టీ అంటే మఫ్లర్ కాదు.”

“ఆ సంగతి నేరస్థునికి తెల్దు గదా,” అన్నాడు.

గువ్వలచెరువులో బస్సు నిలిస్తే, నిఘా పేరు చెప్పి దిగి కిలో పాలకోవా కొన్నాడు. రాయచోటిలో అనుకున్నట్టే బండి ఒంటరిగా దొరికింది. సద్దు కాకూడదని చెప్పులు కింద విడిచి ఎక్కినాము. గోతాలు, వాటి మీద టార్పాలిన్, వాటన్నిటి కింద మేము. దాణా దుమ్ముకు నాగసుబ్బయ్య తొమ్మిది సార్లు తుమ్మినాడు. పదోది ఆపుకోబోయి నా భుజం కరిచినాడు.

కాసేపటికి దాసన్న వచ్చినట్టుంది. అడుగుల సద్దు వెనక దాకా వచ్చి ఆగింది. తరువాత ముందు తలుపు తెరిచి మూసిన సద్దు. బండి కదిలింది.

లోపల ఇడ్లీ పాత్ర మాదిరి ఉడుకు. పాలకోవా కరిగి నా చొక్కా జేబులోకి కారుతాండాది. మలుపు వచ్చినప్పుడల్లా కింద కర్‌కర్‌మంటాంది.

“విన్నావా, దుంగలు,” అని గుసగుసలాడినాడు నాగసుబ్బయ్య.

“ఈడ దుంగలు మనమిద్దరమే నాగన్నా.”

“గమ్మునుండు. సొరంగం దగ్గర పడతాండాది.”

ఠాప్‌మనింది. బండి వంకరపోయి, నెమ్మదిగా పక్కకు పోయి ఆగింది.

“తుపాకి,” అన్నాడు నాగసుబ్బయ్య, నా చెయ్యి పట్టుకొని.

టార్పాలిన్ లేచింది. ఎండ మా కండ్లలో పొడిచింది. ఎండ వెనక దాసన్న మొగం. కోపం లేదు, ఆశ్చర్యం కూడా లేదు.

“పంక్చరు సామీ. దిగండి, స్టెప్నీ వెయ్యాల.” చేతిలో ఉన్న రెండు జతల చెప్పులు కింద పెట్టినాడు. “రాయచోటిలో మరిచిపోయినారు. రోడ్డు కాలుతాండాది, వేసుకోండి.”

నా జీవితంలో చాలా మంది నన్ను తిట్టినారు. ఏ తిట్టూ ఆ చెప్పులంత గట్టిగా తగల్లేదు.

దాసన్న జాకీ పెట్టి పాత స్టెప్నీ బిగించినాడు. కొంచెం దూరంలో పంక్చర్ల కొట్టు కనిపిస్తాంది. “టైరు ఆడికి దొర్లించండి, బాగుచేపిద్దాం” అన్నాడు. దొర్లించే పని నాకు పడింది. నాగసుబ్బయ్య నా పక్కన పెద్దపెద్ద అంగలు వేస్తా లెక్క పెడతాండాడు. ఘటనా స్థలం నుంచి దగ్గరి కట్టడానికి దూరం కొలవాలంట, శాస్త్రమంట. తోడుగా నన్ను కూడా లెక్కపెట్టమన్నాడు. మనిషి ఆరడుగులు దాటి ఉంటాడు. నేను ఆయన పక్కన నడిస్తే తాటిచెట్టు పక్కన కల్లు కుండ మాదిరి ఉంటాను.

కొట్టు కాడికి చేరినాము.

“అరవై అంగలు,” అన్నాడు ఆయన.

“ఎనభై నాలుగు,” అన్నాను నేను.

ఆయన మొగం పాలిపోయింది. “ప్రదీపూ! దొంగ ఈడ కూడా ఇరవై నాలుగు అంగలు కొట్టేసినాడు!”

“నువ్వే లెక్క తప్పినావు.”

“నేనా? నాగసుబ్బయ్యా? లెక్కా?”

కొట్టు ముందర నీళ్ల తొట్టి కాడ ఒక ఆడమనిషి కూర్చొని ట్యూబు రుద్దుతాండాది. పేరు లక్ష్మక్క. కోసిగి నుంచి రోడ్డు పనికి మొగునితో వలస వచ్చి, ఇద్దరూ పంక్చర్ల పని నేర్చుకొని ఈడనే నిలిచిపోయినారు. మా కొట్లాట కాసేపు చూసి నవ్వింది.

“ఏమప్పా, చదువుకున్నోళ్ల మాదిరి ఉండారు. ఆయనవి పొడుగు కాళ్లు, నీవి పొట్టి కాళ్లు. ఆయనకు అంగలు తక్కువ పడ్తాయి, నీకు ఎక్కువ పడ్తాయి. రోడ్డు ఉండేకాడనే ఉండాది. దాన్ని ఎవురు కొట్టేస్తారు?”

“అమ్మా, నీకు తెల్దు,” అన్నాడు నాగసుబ్బయ్య. “ఇది మిస్టరీ.”

“ఏ మేస్త్రీ?”

“మేస్త్రీ కాదు, మిస్టరీ. ఆరు కిలోమీటర్లు మాయం చేసే ముఠా ఒకటి ఉండాది. ముందు మీటరులో నూట యాభై, ఇప్పుడు నూట నలభై నాలుగు!”

లక్ష్మక్క నా చేతిలో టైరు తీసుకొని అటూ ఇటూ తిప్పి చూసింది. అప్పుడే దాసన్న బండి తెచ్చి కొట్టు ముందర నిలిపినాడు. వెనక ఒక పక్క పాత స్టెప్నీ, ఇంకో పక్క కొత్త టైరు. బండి తొలిరోజు బడికి పోయే పిల్లోడి మాదిరి ఒక పక్కకు వంగి నిలబడింది. ఆమె చేతిలో టైరును స్టెప్నీ పక్కకు ఆనించింది. రెండు వేళ్ల ఎత్తు తేడా.

“సైజు మార్చినారా?”

“మార్చినాము,” అన్నాను.

“మరింకేం. మీటరుకు కండ్లుంటాయా అప్పా, రోడ్డు చూసి కొలవను? చక్రం ఎన్ని సుట్లు తిరిగిందో ఎంచుతాది, అంతే. పెద్ద చక్రం ఒక సుట్టుకే ఎక్కువ దూరం పోతాది. సుట్లు తక్కువ పడ్తాయి. అది పాత చక్రమే అనుకొని తక్కువ చూపిస్తాది. నీ కాళ్ల లెక్కతో ఆయన అంగలు ఎంచినట్టు.”

ఇరవై నాలుగు అంగలు దొరికినాయి. ఆరు కిలోమీటర్లూ దొరికినాయి.

“మరి ఘాట్‌లో లాగడం లేదే?” అని అడిగినాను.

“పెద్ద చక్రం తిప్పను ఇంజనుకు తిప్పలు గదా.”

“కర్‌కర్ సద్దు?”

ఆమె వంగి ముందు చక్రం లోపల చెయ్యి పెట్టింది. “స్టీరింగు నిండా తిప్పితే టైరు ఈడ రాసుకుంటాండాది. చూడు, తళతళలాడతాండాది. మీకు టైర్లు అమ్మినోడు ఈ మూడూ చెప్పలేదా?”

“చెప్పబోయినాడు,” అన్నాను.

నాగసుబ్బయ్య గొంతు సవరించుకున్నాడు. “ఊహించిందే. నిజానికి నేను మొదటి నుంచీ టైర్ల మీదనే అనుమానంగా ఉండా. మిగతాదంతా నేరస్థున్ని ఏమరపాటులో పెట్టను వేసిన ఎత్తు.”

“నేరస్థుడెవరు అన్నా?” అని అడిగినాడు దాసన్న. మా ఇద్దర్నీ ఆ రోజు ఆయన అడిగిన మొదటి ప్రశ్న.

నాగసుబ్బయ్య లక్ష్మక్కకు పాలకోవా పెట్టినాడు. కరిగిపోయిన పాలకోవా చూసి ఆమె “ఇది తినేదా, పంక్చరుకు అతికించేదా?” అనింది.

పని అయినాక నేను దాసన్న పక్కన ఎక్కి కూర్చున్నాను. నాగసుబ్బయ్య మాత్రం ముందుకు రాలే. వెనకనే కూర్చుంటాను, సొరంగం అవకాశాన్ని పూర్తిగా కొట్టిపారెయ్యలేము అన్నాడు. నా లెక్కన ఆయనకు సిగ్గు. ఎండకు టార్పాలిన్ కప్పుకున్నాడు.

ఘాట్ దిగినాక అటవీ శాఖ చెక్‌పోస్టు. గార్డు వీరేష్ బండి ఆపి, తోలేదెవరో చూడకుండానే వెనకకు పోయి టార్పాలిన్ ఎత్తినాడు. ఎత్తి, రెండడుగులు వెనక్కి ఎగిరినాడు.

గోతాల మధ్యన మొగానికి మఫ్లర్ చుట్టుకున్న ఆరడుగుల మనిషి. ఒక చేతిలో టార్పాలిన్ తాడు, ఇంకో చేతిలో భూతద్దం.

“ఎవుర్రా నువ్వు?”

“డిటెక్టివ్,” అన్నాడు నాగసుబ్బయ్య. ఆ చోట అంతకంటే చెడ్డ జవాబు ఇంకోటి ఉండదు.

“ఏం పని మీద పోయినావు?”

“ఎర్రచందనం కోసం!”

లాఠీ పైకి లేచింది. నేను దూకి పరిగెత్తినాను. “సార్, సార్, నేను బండి ఓనర్ని. ఈయన మా ఎదురంగడి…”

“దుంగల బండ్లలో దొరికినోళ్లంతా ఓనర్లమనే అంటారు. పక్కకు నిలబడు.” నా జేబు మీద మరకలు చూసి, “ఏందది?” అన్నాడు.

“పాలకోవా సార్.”

ఆయన నమ్మలే. నన్ను నమ్మే కారణం ఒక్కటి కూడా నా దగ్గర లేదు. అంతలో దాసన్న దిగి వచ్చినాడు. ఆ మనిషి అప్పుడు ఏం చెప్పినా చెల్లేది. వీళ్లెవరో నాకు తెల్దు అన్నా చాలు, ఆ రాత్రికి మా ఇద్దరికీ అటవీ శాఖ వసతి. న్యాయంగా అట్లే జరగాల.

“దాసన్నా, నీ బండా?” వీరేష్ గొంతు మారింది. “నువ్వు చెప్పు. ఎవరు వీళ్లు?”

దాసన్న మమ్మల్ని ఒకసారి చూసినాడు. “మా ఊరోళ్లే సార్. మంచోళ్లే.” నాగసుబ్బయ్య మఫ్లర్ చూసినాడు. “శానా మంచోళ్లు. అంతే, ఇంకేం లే.”

వీరేష్ లాఠీ దించినాడు. “నువ్వు చెప్పినావంటే సరే. పోనీ.”

గేటు లేచింది. వారానికి ఒకసారి, రెండు నిమిషాలు చూసే మనిషి అతను. దాసన్న ఇంటి అడ్రసు కూడా తెలిసుండదు. ఒక్క మాటకే గేటెత్తినాడు. నేను పద్దెనిమిదేండ్లు చూసి ఒక మీటరు అంకెను నమ్మినాను.

కడప దాటినాక ఆయన వైపు తిరిగినాను. “దాసన్నా, తప్పయిపోయింది.”

ఆయన రోడ్డు మీద నుంచి చూపు తిప్పలే. “అంగట్లో నలుగురి ముందర అన్నారు సామీ.”

“నలుగుర్నీ పిలిచి వాళ్ల ముందరే మళ్లా చెప్తా.”

“వొద్దులే. మీరు చెప్తే ఇంకోటి ఏదన్నా అయితాది.” మీసం కింద ఏదో కదిలింది. నవ్వే అనుకున్నాను. “తాళం నా దగ్గరే ఉండనీండి.”

అప్పుడు, జీవితంలో మొదటిసారి, అడగాల్సిన మనిషిని అడగాల్సిన మాట అడిగినాను. “ఏ సైజు టైరు వేద్దాం?”

“పాతదే. ఆ బండికి కొలిచి పెట్టింది అది.”

“మరి చేన్ల దారిలో గుండ్లు?”

“గుండ్లున్నాయని టైరు పెంచితే గుండ్లు తగ్గుతాయా సామీ? రెండు ఫర్లాంగులు కూడా లేదు ఆ దారి. ఆదివారం గడ్డపారలు తీసుకొని పోదాం. మీరు, నేను.” వెనకద్దంలో చూసినాడు. “ఆ సారు కూడా.”

మాబుసాబ్ నవ్వకుండా టైర్లు మార్చిచ్చినాడు. నవ్వకుండా ఉండను ఆయన పడిన కష్టం చూస్తే జాలేసింది.

ఆదివారం పొద్దున్నే ముగ్గురం దిగినాము. దాసన్న గడ్డపారతో పెకలిస్తే నేను ఎత్తి గట్టున వేసినాను. నాగసుబ్బయ్య ప్రతి గుండునూ భూతద్దంతో చూసి, ‘అనుమానాస్పదం కాదు’ అని తేల్చినాకనే దొర్లించినాడు. పన్నెండు కల్లా దారి చదునైంది. దాసన్న ఖాళీ బండిని ఈ కొస నుంచి ఆ కొస దాకా తోలి చూసినాడు. కింద ఒక్క రాయి తగల్లే. ఆ కొసన నిలిపి, కిటికీలో నుంచి తల బయట పెట్టి మా ఇద్దర్నీ కేకేసినాడు.

“రాండి, ముందరే కూర్చోండి. ఇద్దరికీ చోటుండాది.”